ఎక్కువైన పదును

ప్రపంచకప్పు రాబోతోందని దోహా అంతా ఫుట్‌బాల్ మాటలే నడుస్తున్న రోజుల్లో నేను ఒక మాల్‌లోని మంచు మైదానంలో స్కేటింగ్ బూట్ల అడుగున ఉండే బ్లేడ్లకు సానపట్టేవాణ్ణి. ఎండకు తారు మెత్తబడే దేశంలో మంచు మీద హాకీ ఏమిటని ఇంటిదగ్గర ఎవరూ నమ్మలేదు. మా ఊరికి గల్ఫంతా దుబాయే, దుబాయ్ పోయి కోతలు కోసుడు నేర్చిండని మా తమ్ముడు ఊరంతా చెప్పాడు.

మా నాయన కొడవళ్ళకు సానపట్టేవాడు. పదును ఎంతుంటే అంత మంచిదన్న లెక్కలోనే పెరిగాను. ఆ లెక్కే కొంప ముంచింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండు కంపెనీ జట్ల మధ్య ఫైనల్. అల్ తుమామాలో స్టేడియం పని చేయిస్తున్న ఒక చలిదేశపు ఇంజనీరు అందులో ఒక జట్టుకు గోల్‌కీపర్. కనబడితే ముందు ఆయనే సలాం చెప్పేవాడు. గోల్‌కీపర్ బ్లేడు కాస్త మొద్దుగా ఉంటేనే ఇటునుంచి అటు జారగలడని నాకు నేర్పింది కూడా ఆయనే. తెలిసి తెలిసి, ఫైనల్ కదా, మన మనిషి కదా అని బ్లేడు అడుగున గాడి లోతుగా తీసి అంచులకు పదును పెంచాను. బొటనవేలితో చూసుకుని మురిసిపోయాను కూడా. అంత తెలివితక్కువ పని జన్మలో ఇంకోటి చేయలేదు.

చివరి నిమిషాల దాకా రెండు జట్లూ సమానం. బంతికి బదులు వాడే నల్ల రబ్బరు బిళ్ళ ఎడమవైపు నుంచి వచ్చింది. ఆయన అటు జారబోయాడు. కాలు మంచులో పట్టేసి ముందుకు పడ్డాడు. బిళ్ళ తాపీగా గోల్‌లోకి పోయింది.

ఓడినవాళ్ళు నా కౌంటర్ ముందే బూట్లు విప్పుతూ తప్పెవరిదో తేల్చడం మొదలుపెట్టారు. రెఫరీ అన్నారు, అడ్డుకోవలసినవాడు పక్కకు పోయాడన్నారు, ఆఖరికి అందరూ గోల్‌కీపర్ మీద పడ్డారు. మేముండే లేబర్ క్యాంప్‌లో వాలీబాల్ ఓడినా ఇదే తంతు. బూట్లలో ఏమైనా తేడా ఉందా అని కెప్టెన్ అడిగినప్పుడు నేను తల వంచుకుని సాన చక్రం తుడవడం మొదలుపెట్టాను. గోల్‌కీపర్ ఒకసారి నా వైపు చూసి, బూట్లు బాగానే ఉన్నాయి, తప్పు తనదేనన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మంచు చదును చేసే బండి నడిపే హైదరాబాద్ భాయ్ ఒక్కడికే చెప్పాను.

“నిన్నెవరన్న అడిగిండ్రా? చుప్ ఉండు. నౌకరీ పోతే మల్ల వీసా ఎవరిస్తరు?” అన్నాడు.

వారమంతా మేనేజర్ పిలిస్తే చాలు, ఉద్యోగం పోయిందనే అనుకునేవాణ్ణి. కౌంటర్ మీద ఎవరైనా బూట్లు పెడితే ఉలిక్కిపడేవాణ్ణి.

తర్వాతి శుక్రవారం గోల్‌కీపర్ ఒక్కడే వచ్చాడు. జట్టు ఇంకొకరిని తీసుకుందట, తన బూట్లు ఎవరికైనా అమ్మిపెట్టమన్నాడు. ఇక ఉండబట్టలేక, పదును నేనే ఎక్కువ పెట్టానని వచ్చీరాని హిందీలో చెప్పేశాను.

ఆయనా స్టేడియం పనిలో మన కూలీల దగ్గర నేర్చుకున్న ముక్కలతో అదే భాషలో నెమ్మదిగా అన్నాడు. “తెలుసు. ఆటకు ముందు జారి చూసినప్పుడే తెలిసింది. అప్పటికి టైం లేదు. నీ తప్పని చెప్తే నీ డ్యూటీ పోయేది.”

నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన వెళ్ళాక బూట్లను మళ్ళీ చక్రం మీద పెట్టి పాత పదునుకు తెచ్చాను. భాయ్ వద్దని సైగ చేస్తూనే ఉన్నాడు. ఆ బూట్లు పట్టుకుని, సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చి మైదానం అంచున నిలబడ్డ కెప్టెన్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను.

నా ఉద్యోగం పోలేదు. గోల్‌కీపర్ మళ్ళీ జట్టులోకి వచ్చాడు. ఆయన బూట్లు మాత్రం నాకివ్వొద్దని కెప్టెన్ మేనేజర్‌కు చెప్పాడు, దాన్ని నేను తప్పుపట్టను. ఆ రోజు అంతా విన్నాక కెప్టెన్ ఒక్కటే అడిగాడు, అందరూ అతన్ని తిడుతున్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదా అని. అవును సార్, అక్కడే ఉన్నాను అన్నాను.