వియత్నాం టీచరమ్మకు నేను చెప్పిన 'గెట్'

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో పిల్లర్లు లేవక ముందు సంగతి ఇది. అక్కడ ఒక టైర్ల షాపు పైగదిలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవాడిని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నాచారం ఫ్యాక్టరీల కుర్రాళ్లు. ఒకసారి వాళ్ల మధ్యకు వియత్నాం టీచరమ్మ ఒకామె వచ్చి కూర్చుంది. నగరంలో టీచర్ల శిక్షణకు వచ్చి, రామంతాపూర్‌లో గది తీసుకుని ఉండేది.

శిక్షణ చివర ఆమె పరీక్షకుల ముందు ఒక పాఠం చెప్పాలి. తన దేశంలో కొత్తగా ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకు 'గెట్' అనే క్రియ అర్థాలూ వాడుకా ఎలా నేర్పుతుందో చూపించాలి. అందులో తప్పితే సర్టిఫికెట్ లేదు. అది లేకుండా వెళితే అక్కడి బడివాళ్లు ఆమెను క్లాసు నుంచి తీసి ఆఫీసులో కూర్చోబెడతారు.

"నేను ఫైళ్లకు పాఠం చెప్పలేను సర్" అంది ఇంగ్లిష్‌లో, నవ్వుతూనే.

ఆ 'గెట్' నేర్పమని అడిగేసరికి నాకు హుషారు వచ్చింది. 'గెట్' అంటే దొరకడం, రావడం, తెచ్చుకోవడం, దిగడం, లేవడం, కోపం రావడం, జ్వరం తగులుకోవడం... బోర్డు నింపేశాను. మూలన చోటు మిగిలితే అక్కడా ఇంకో అర్థం ఇరికించాను. చివర డస్టర్‌తో బల్ల మీద కొట్టి "అండర్‌స్టుడ్?" అన్నాను.

"యెస్ సార్!" అని బ్యాచ్ మొత్తం అరిచింది. ఆమె కూడా తల వంచి మెత్తగా "యెస్" అంది. అందరి యెస్‌ల కన్నా ఆ యెస్సే నాకు ఎక్కువ నచ్చింది.

ఇంటికొచ్చి మా ఆవిడతో "ఆ అమ్మాయికి ఒక్కసారి చెబితే చాలు, పట్టేస్తుంది" అన్నాను.

"మీరు చెప్పినదానికల్లా తలూపినవాళ్లందరూ తెలివైనవాళ్లే కదండీ" అంది ఆవిడ, గిన్నెలు సర్దుతూ. "ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మొద్దుని."

పరీక్ష దగ్గర పడ్డాక, మా బ్యాచ్‌కే ఆ పాఠం ఒకసారి చెప్పి చూడమని ఆమెతో అన్నాను. ఆమె లేచి అచ్చం నాలాగే చెప్పింది. అదే వేగం, అదే గొంతు సవరింపు, మూలన ఇరికించిన అర్థంతో సహా నిండిన బోర్డు. కుర్రాళ్లు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. చివర ఆమె కూడా డస్టర్‌తో బల్ల మీద కొట్టింది.

"యెస్ మిస్!" అన్నారందరూ.

లేత్ మిషన్ మీద పనిచేసే ఒకతను మాత్రం లేచాడు. "మిస్, నాకైతే ఏం అర్థం కాలే."

"మరి ఇన్నాళ్లూ నాకు యెస్ అన్నావేంటయ్యా?" అన్నాను.

"నో అంటే మీరు మళ్ల మొదటికెళ్లి షురూ జేస్తరు గద సార్. షిఫ్టు బస్సు పోతది. మీరు ఫీల్ గావద్దని గూడ అంటున్నం అనుకోండ్రి."

అతని మాట ఇంగ్లిష్‌లో చెబితే ఆమె పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, తనకూ సగం అర్థం కాలేదని చెప్పింది. వాళ్ల దగ్గర పెద్దవాళ్లు చెబుతుంటే యెస్ అంటారట. వింటున్నానని చెప్పడానికి, అంతే. నా ముఖం చూసి "సారీ సర్" అని కూడా అంది. సారీ చెప్పాల్సింది నేను. ఎదుటి మనిషి బతుకుతెరువు నా బల్ల మీద పెడితే, నేను దాని మీద డస్టర్‌తో కొట్టి మురిసిపోయాను. ఒక్కరోజైనా "నువ్వో వాక్యం చెప్పు" అని అడగలేదు.

ఆమె బోర్డు చెరిపేసింది. "మీరు ఇక్కడికి ఎలా వచ్చారు?" అని 'గెట్' వాడి, ఇంగ్లిష్‌లో లేత్ మిషన్ అతన్ని అడిగింది. షేర్ ఆటో ఎలా దొరికిందో, సీటు ఎలా దొరికిందో, చౌరస్తాలో ఎలా దిగాడో అతను తడుముకుంటూ ఇంగ్లిష్‌లో చెప్పాడు. మిగతా అర్థాలన్నీ వదిలేసి ఆమె రావడం, దొరకడం, దిగడం అనే ఆ కొంచెమే పట్టుకుంది. నేను నడుమ ఏదో సవరించబోయాను.

"సార్, జర ఊకోండ్రి. మిస్‌ను జెప్పనియ్యండ్రి" అన్నాడతను.

ఊరుకున్నాను. అది నాకు చాలా కష్టమైన పని.

ఆమె పరీక్ష గట్టెక్కింది. మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చి అందరికీ పంచింది. పరీక్షకులు అన్ని అర్థాలూ ఎందుకు చెప్పలేదని అడిగితే, నేర్చుకునేవాళ్లు అవి కూడా అడిగే రోజు వస్తుంది అని జవాబిచ్చిందట.

ఆమె వెళ్లిపోయాక నేను 'టేక్' మొదలుపెట్టాను. బోర్డు మీద ఒక్క అర్థమే రాసి, ఒక్కొక్కరినీ లేపి వాక్యం చెప్పమన్నాను. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి లేత్ మిషన్ అతను గడియారం చూసి పక్కవాడితో గొణుగుతున్నాడు.

"మిస్ మంచిగ పాసై పోయింది. సార్‌ను మనకు తగిలిచ్చింది."