గురువమ్మాళ్ పెద్దమ్మ వండిన పండుగ కూడు

మా ముత్తాత తిరువేంగళ నాయకరు తమిళ సీమలో తిరుమంగళానికి పడమటనున్న ఒక చిన్న పాళేనికి అధిపతి. ఆయన ఊళ్ళో అడుగు పెడితే ఉరుమి డోలు మోగేది. తాత ఎర్రప్ప నాయకరు నాటికి పాళెం పోయి పెత్తనం మిగిలింది. పెదనాన్న నాటికి పెత్తనమూ పోయి, మా కులదేవత జక్కమ్మ గుడిలో మొదటి మర్యాద ఒక్కటే మిగిలింది. దాన్ని ఇన్నేళ్ళు నిలిపింది పెదనాన్న కాదు, ఆయన భార్య గురువమ్మాళ్. ఈ కార్తిక నెలలో ఆమె కన్నుమూసింది. నేను కోయంబత్తూరు గాంధీపురంలో ఒక లాడ్జికి మేనేజరును. ఫోను వచ్చినప్పుడు కౌంటరు దగ్గర గదుల కోసం జనం నిలబడి ఉన్నారు. వాళ్ళకు తాళాలిచ్చి పంపిన తరువాతే విన్నమాట మనసుకు పట్టింది.

ఆ మర్యాద సంగతి తెలియనివారికి చెప్పాలి. శివరాత్రి వచ్చే తమిళ మాసి నెలలో, పండుగనాడు గుడి పట్టుబట్టను మొట్టమొదట మా ఇంటి మగవాడి తలకు చుడతారు. దాన్ని పరివట్టం అంటారు. దానికి ముందు ఉరుమి వాయించేవాళ్ళు, దేవరెద్దును తోలుకొచ్చేవాళ్ళు, పూజారి మా ఇంట్లో భోంచేయాలి. ఆ కూడు మా నేలలో పండిందై ఉండాలి, మా ఇంటి కోడలి చేత్తో వండిందై ఉండాలి. కొన్న వస్తువు పడరాదు. ఉప్పుకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ కూడు పెట్టలేని ఏడు మర్యాద మా దాయాదులకు పోతుంది.

చెరువు కింద మాగాణి ఉన్న రోజుల్లో ఆ పండుగకు వరన్నం, నెయ్యి, ఏడెనిమిది కూరలు ఉండేవట. మాగాణి పోయిన ఏడు అన్నం పోయింది. బావి తోట పోయిన ఏడు పప్పు, నువ్వుల నూనె, ఉల్లిపాయలు పోయాయి. చివరకు ఒక మెట్ట చేను మిగిలింది. అందులో సజ్జలు, ఉలవలు తప్ప మరేమీ నిలవవు. గట్టున ఒక చింతచెట్టు, ఇంటి పెరట్లో కొన్ని మిరప మొక్కలు. పెద్దమ్మ పండుగ వంటంతా వీటితోనే.

ఉలవలను పొడి పెనం మీద వాసన వచ్చేదాకా వేయించి, నానబెట్టి, బోలెడు నీళ్ళు పోసి ఉడికించేది. ఆ నీళ్ళు వంచి, చింతపండు పిసికి, నిప్పుల మీద కాల్చిన ఎండుమిరపకాయను చేత్తో నలిపి వేస్తే అది చారు. ఉడికిన ఉలవలను మిరపకాయతో రోట్లో నూరితే అది తొక్కు. సజ్జలను దంచి, రవ్వగా విసిరి, సంకటి చేసేది. పోపు లేదు, నూనె లేదు. “పది వస్తువులు వేస్తే తప్పు ఏదో ఒకదాని వెనక దాక్కుంటుంది. మూడే వేస్తే దానికి దాక్కునే చోటు లేదు” అనేది. అందుకే ఉలవలు వేగేటప్పుడు ఎవరైనా పలకరించినా తల ఎత్తేది కాదు.

మా దాయాది దొరసామి బోడినాయకనూరులో ఏలకుల వ్యాపారం చేసి పైకి వచ్చినవాడు. మంచివాడే. ఒక ఏడు పండుగకు ముందు జీపులో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

“వదినా, బియ్యం, నెయ్యి నేను దించుతాను. గరిటె నువ్వు తిప్పు, పేరు నీది. ఊరంతా బిరియాని తింటాంటే మీ ఇంట్లో ఇంకా గంజేనా?”

“గంజి కాదప్పా, సంకటి. ఏలకులు అమ్మీ అమ్మీ నాలుక మొద్దుబారినట్టుంది.”

“సెరి, సంకటే. రేపు ఆ చేను కూడా పోతే ఏం పెడతావు? మట్టి వండుతావా?”

“అది మా మట్టే అయితే వండుతాను. లోపలికి రా, సాప్పాడు అయింది, తిని పో.”

అతడు తిన్నాడు. రెండోసారి చారు అడిగి పోయించుకున్నాడు కూడా.

నా భార్య సరోజ కోయంబత్తూరులో పెరిగింది. మా పెళ్ళయిన తరువాతి మాసికి పెద్దమ్మకు సాయంగా వంటింట్లోకి వెళ్ళింది. ఆ ఏడు వానలు సరిగా లేక ఉలవలు తక్కువ. చారు పలచగా ఉండడం చూసి, తాను కోయంబత్తూరు నుంచి తెచ్చుకున్న కందిపప్పు పిడికెడు ఉడికించి, మెదిపి, కుండలో కలిపింది. మొదటి వరుస కూర్చుంది. ఉరుమి వాయించే ముసలాయన చారు జుర్రుకుని, “ఈ ఏడు చిక్కగా ఉందమ్మా, బలే” అన్నాడు.

పెద్దమ్మ కుండలో గరిటె ముంచి, ఎత్తి పోసి చూసింది. సరోజ వైపు తిరిగి, “ఏం పడింది ఇందులో?” అంది. సరోజ చెప్పింది. పెద్దమ్మ కొంగు దోపుకుని పంక్తి ముందుకు వచ్చింది.

“చేయి ఆపండి. ఈ చారులో కొన్న పప్పు పడింది. ఇది మా ఇంటి కూడు కాదు.”

దొరసామి అక్కడే ఉన్నాడు. ఆ మర్యాద పోతే చేరేది అతడికే. అయినా అతడే మెల్లగా అన్నాడు: “పిడికెడు పప్పుకు ఇంత రచ్చ ఎందుకు వదినా? ఎవురు చూసినారు?”

“ఎవురూ చూడలేదు. అందుకే నేను చెప్తాండాను.”

పూజారి గొంతు సవరించుకున్నాడు. అమ్మవారు బయలుదేరే వేళ దాటకముందు మళ్ళీ పెట్టగలిగితే సరే, లేకుంటే ఆచారం ప్రకారం పోదాం అన్నాడు. వేయించిన ఉలవలు ఇక లేవు. పెద్దమ్మ చింతపండు నీళ్ళలో పిసికింది, మిరపకాయలు కాల్చింది, ఉప్పు వేసింది. పచ్చిపులుసు. మిగిలిన సంకటి కొత్త ఆకుల్లో వడ్డించి దాని మీద పోసింది. అందరూ తిన్నారు. తిన్నాక ముసలాయన ఆకు మడిచి, “ఇది మన కూడు” అని మాత్రం అన్నాడు. పెదనాన్న పోయినప్పటి నుంచి నాకు చుడుతున్న పరివట్టం ఆ ఏడు కూడా నా తలకే చుట్టారు.

సరోజ వంటింటి మూల ఏడుస్తూ కూర్చుంది. పెద్దమ్మ ఆమె పక్కన చతికిలబడి, “జాలి పడితివి. తప్పు లేదు. కూటిలో మాత్రం జాలి కలపొద్దమ్మాయీ. తినేవాడికి అది నాలుకకు తెలుస్తుంది” అంది. ఆ తరువాత ప్రతి మాసికీ సరోజ ముందుగానే ఊరికి వెళ్ళి ఆమె చేతికింద పనిచేసింది. ఉలవలు దించే వేళ వాసనను బట్టి చెప్పగలిగేదాకా నేర్చుకుంది.

పెద్దమ్మ మంచం పట్టినప్పుడు నేను సెలవు పెట్టి వెళ్ళాను. సరోజ పచ్చిపులుసు చేసి గరిటెతో నోట్లో పోసింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని కాసేపు నాలుక మీద ఉంచుకుంది.

“ఉప్పు ఒక్క రవ్వ తక్కువ. పరవాలేదు. ఇంక నేను పోవచ్చు.”

తరువాత నన్ను చూసి, “చేను సంగతేమి అబ్బయ్యా?” అంది. ఆ చేను ఉమ్మడి ఆస్తి. అమ్మకానికి ఆమె సంతకం పెట్టనన్నందున అంతకాలం నిలిచింది. అందులో వాటా ఉన్న నా తమ్ముడు, చెల్లెలు ఏమంటారో చూడాలన్నాను. “సెరి” అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆమెకు బిడ్డలు లేరు. చదువు లేదు. జమీను వైభవం ఆమె చూడనూ లేదు. కోడలిగా వచ్చేసరికే అది ముగిసింది. అయినా మా వంశానికి ఒక మర్యాద ఉండేదని ఈ తరం ఊరివారికి తెలిసింది ఆమె పొయ్యి వల్లనే. పాళెం ఏలినవారి పేర్లు మాకే సరిగా గుర్తులేవు. ఆమె చారు రుచి ఊరిలో ఏ ముసలివాడినడిగినా చెబుతాడు. అలాంటి మనిషి మా ఇంట్లో ఇక పుట్టదు, మా ఇంటికి రాదు. ఆమె పాదాలకు నమస్కరిస్తున్నాను.

ఈ మాసికి కూడు ఎవరు పెడతారని కొందరు నన్ను అడిగారు. సరోజకు వంట వచ్చు. ఇంటి కారణాలు ఇంటివి, ఇక్కడ రాయను. మెట్ట చేనును, కోతకు వచ్చిన సజ్జ పైరుతో సహా, మాసికి ముందటి తై నెలలోనే దొరసామికి అమ్మేశాము.