యాదమ్మ పారేసిన చేపలు

కరోనా సద్దుమణిగిన రెండో ఏడాది. మేడ్చల్‌లో ఒక శిక్షణ సంస్థలో రెస్టారెంట్, హాస్పిటాలిటీ కోర్సు చెప్పేదాన్ని. హోటళ్లలో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, సొంతంగా తిండి వ్యాపారం పెట్టుకోవాలనుకునేవాళ్లు మా దగ్గర చేరేవారు. కోర్సు చివర్లో ఒక్కొక్కరూ మా సంస్థలో ఉన్న చిన్న రెస్టారెంట్‌ను ఒక మధ్యాహ్నం పాటు నడపాలి. అదే పరీక్ష. మెనూ వాళ్లదే, వంట వాళ్లదే. ముప్పై కవర్లు. కవర్ అంటే మా భాషలో భోజనానికి కూర్చునే ఒక మనిషి.

ఆ బ్యాచ్‌లో అందరికన్నా పెద్దది యాదమ్మ. నలభై దాటాయి. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. ఏళ్ల తరబడి బజారులో పచ్చి చేపలు అమ్మి, ఇక వండి అమ్ముతానంటూ వచ్చి చేరింది. ఎప్పుడూ తొందరే. "ఎప్పుడైపోతది మేడం గీ కోర్సు?" అని వారానికోసారి అడిగేది.

ఆమె పరీక్షకు నేనొక అతిథిని పిలిచాను. గౌడవెల్లి వైపున్న ఒక ఫ్యాక్టరీ మేనేజరు. క్యాంటీన్ నడిపే మనిషి కోసం చూస్తున్నారాయన. "వారానికి రెండు రోజులు చేపల పులుసు కావాలని మా వర్కర్లు అడుగుతున్నారండీ. ఆవిడ వంట నచ్చితే మాట్లాడుకుందాం" అన్నారు. ఆ మాట యాదమ్మకు చెప్పిన రోజు నుంచి ఆమెకే కాదు, నాకూ మనసు నిలవలేదు. నా దగ్గర చదివిన మనిషి కోర్సు పూర్తవుతూనే క్యాంటీన్ పట్టిందంటే నాకూ పేరే కదా.

పరీక్షకు ముందురోజు సాయంత్రం యాదమ్మ, భర్త పట్టి తెచ్చిన రవ్వ, బొచ్చె చేపలు శుభ్రం చేసి, పైన దంచిన ఐసు కప్పి, మా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి వెళ్లింది. తెల్లారి నేను అల్వాల్ నుంచి చేరేసరికి ఆ ఫ్రీజర్ మూత తెరిచి నిలబడి ఉంది.

"ఏమైంది?"

"చూడుండ్రి మేడం. నిన్న దంచిన ఐసు పోసిన. ఇప్పుడు ఒక్కటే గడ్డ అయింది. కరిగి మళ్ల గట్టిపడ్డది."

వాచ్‌మన్‌ను పిలిచి అడిగాను. "కరెంటు పోయిందని ఎర్కనే గని, ఎప్పుడొచ్చిందో తెల్వదు మేడం. కునుకు పట్టింది" అన్నాడు తల గోక్కుంటూ.

ఐదు నుంచి అరవై డిగ్రీల మధ్య వేడిని మేం డేంజర్ జోన్ అంటాం. ఆ మధ్యలో ఎక్కువసేపు ఉన్న చేపలో, మాంసంలో క్రిములు పెరుగుతాయి. ఎంతసేపు ఉందో తెలియకపోతే పారేయాలి. మూడు నెలలు బోర్డు మీద రాసి మరీ చెప్పింది నేనే.

ఆ పొద్దున మాత్రం చేప ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తేడా తెలియలేదు. గడియారం చూశాను. వంటగదిలో అటూ ఇటూ తిరిగాను. మళ్లీ వాసన చూశాను.

"బాగానే ఉన్నాయి యాదమ్మా. చింతపండు కాస్త ఎక్కువ వేసి బాగా మరిగించు. ఏం కాదు."

ఆమె నా మొహంలోకి చూసింది. "ఎంతసేపు అట్ల ఉన్నయో మనకు తెల్వదు గదా మేడం."

"ఆ మేనేజరు చేపల కోసమే వస్తున్నారు. వేరేవి దొరుకుతాయా?"

"మా ఆయనకు ఫోన్ జేసిన. ఇయ్యాల వల ఎయ్యలే. బజార్ల ఇప్పటికిప్పుడు గన్ని మంచియి దొరకయి."

"మరేం చేస్తావు?"

"పారేసుడే."

నాకు కోపం వచ్చింది. "మెనూ మారిస్తే మార్కులు పోతాయి. నీ ఇష్టం" అన్నాను గట్టిగా.

"పోనియ్యుండ్రి" అంది.

పారేసిన మాంసాన్ని ఎవరూ ఏరుకు తినకుండా దాని మీద ఫినాయిల్ పోయాలన్నది మా నియమం. సంస్థ వెనకాల చేపల టబ్బు దించి, సీసా మూత తీసి కాసేపు అలాగే నిలబడింది. "రెండు రోజులు నీళ్లల్ల నిలబడి పట్టిండు మేడం. చెయ్యి వస్తలేదు" అంది. చివరికి తనే పోసింది.

తర్వాత కళ్లు తుడుచుకుని ఉల్లిపాయలు ముందేసుకుంది. ఒంటిగంటకు గుడ్ల పులుసు తయారు. మేనేజరు రాగానే, నేను మాట్లాడేలోపే ఆయన టేబుల్ దగ్గరికి తనే వెళ్లింది.

"సార్, చేపలు పెడ్తనన్న. రాత్రి ఫ్రీజర్ బందయింది. నమ్మకం లేక పారేసిన. గుడ్ల పులుసు చేసిన. తినుండ్రి."

ఆయన తిన్నారు. చేతులు కడుక్కుని నాతో, "గుడ్లు మా క్యాంటీన్‌లో రోజూ ఉండేవేనండీ" అన్నారు. మళ్లీ ఫోన్ చేయలేదు. సర్టిఫికెట్ తీసుకున్న రోజు యాదమ్మ నన్ను పక్కకు పిలిచి, "గా సార్ ఏమన్న చెప్పిండా?" అని అడిగింది. లేదన్నాను. "సరే తియ్యుండ్రి" అని బస్సు కోసం వెళ్లిపోయింది.

ఆ చేపలు నిజంగా పాడయ్యాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వండి ఉంటే బహుశా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు, క్యాంటీన్ ఆమెకు దక్కేది. కొన్ని నెలలు ఈ ఆలోచన నన్ను వదల్లేదు.

మరుసటి ఏడాది శామీర్‌పేటలో రోడ్డు పక్కన ఆమె నాలుగు టేబుళ్లతో చేపల భోజనం మొదలుపెట్టింది. వెళ్లాను. కొసరి కొసరి వడ్డించింది. "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"మీరు నాకోసమే పరేషాన్ అయిండ్రు గద మేడం" అంది.

ఆమె కోసమేనా? ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచించాను.

ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కూ డేంజర్ జోన్ పాఠం రోజున ఈ సంగతి చెబుతాను, ఆ రోజు నేనన్న మాటలతో సహా. మొన్న వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచి, "గా చేపలు మీరైతే తింటుండెనా మేడం?" అని అడిగింది.

తినేదాన్ని కాదని చెప్పాను.