మూడేళ్ల మొలతాళ్లు

దసరాకు కట్టిన కొత్త మొలతాడు రెండు నెలలకే మా అబ్బాయి వరుణ్ నడుముకు బిగుసుకుంది. తలంటుతుంటే ఎర్రటి గీత కనబడింది. వాడికి పదేళ్లు. ఏదో తేడాగా అనిపించింది. మా అత్తమ్మ దాన్ని తెంపి పొడుగుది కట్టింది.

“పోరడు ఒళ్లు చేసిండు, మంచిగనే ఉన్నడు. నీ కండ్లే పడ్తయి,” అంది.

ప్రతిదానికీ వాదించే నేను అక్కడ మాత్రం నోరు మూసుకున్నాను.

తర్వాతి వారం బడికి వచ్చిన నర్సు పిల్లలను కొలిచి, వాణ్ణి డాక్టరుకు చూపించమని చీటీ పంపింది. మంచిగున్న పిల్లాడికి చీటీ ఎందుకని జహీరాబాద్ దవాఖానకు గొడవ పెట్టుకోవడానికే వెళ్లాను. డాక్టరమ్మ దారం ఉండ తీసి, వాడి ఎత్తుకు సరిగ్గా తెంపి, సగానికి మడిచింది. “గాలి వదులు నాన్నా” అంటూ ఆ సగాన్ని నడుము చుట్టూ తిప్పింది. కొసలు కలవలేదు. నాలుగు వేళ్ల ఖాళీ!

“నడుము ఎత్తులో సగం కన్న తక్కువుండాలమ్మా.”

“దారంతోని రోగం తెలుస్తదా మేడమ్? మరి గన్ని మిషన్లెందుకు?”

“దారం రోగం చెప్పదు. పరీక్షకు పొమ్మని చెప్తది.”

చేయించాం. షుగర్ బార్డర్‌లైన్. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్. షుగర్‌తోనే మా అత్తమ్మ కాలివేళ్లు రెండు తీసేశారు. నాకు ఆ కాలే కళ్లముందు కదిలింది.

తెంపిన మొలతాళ్లు ఎవరి కాళ్లకిందా పడకూడదని అత్తమ్మ రేకు డబ్బాలో దాస్తుంది. ఇంటికొచ్చి వాటిని నేలమీద వరసగా పరిచాను. ఒకదానికన్నా ఒకటి పొడుగు. మూడేళ్లుగా ఆ నల్లదారాలు మాకు చెబుతూనే ఉన్నాయి. అత్తమ్మను పిలిచి చూపించాను. అత్తమ్మ అంది, “అన్నీ నేనే ముడేసిన కదనే.”

కూల్‌డ్రింకులు, బేకరీ పఫ్‌లు మానేశాం. రాత్రికి జొన్నరొట్టె. సాయంత్రం గంటసేపు ఆట. మూడు నెలలకు చూస్తే కిలో పెరిగాడు! డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాను.

“ఎత్తు గూడ పెరిగిండు కదమ్మా. కొత్త దారం తెంపుండ్రి,” అందామె.

తెంపాం. ఖాళీ రెండు వేళ్లే. పెరిగే పిల్లాడి బరువు తగ్గకపోయినా నడుము దారికి రావచ్చని అప్పుడు కళ్లారా చూశాను. ఏడాదికి కొసలు కలవడమే కాదు, ఒకదానిమీదొకటి ఎక్కాయి. అత్తమ్మ ఆ దారాన్ని కళ్లకద్దుకుంది. ఇప్పుడు షుగర్ నార్మల్. లివర్‌కు మరోసారి స్కానింగ్ ఉంది. నా ఎత్తుకూ దారం తెంపి చూసుకున్నాను. నా కొసలు ఇంకా జానెడు దూరంలో ఉన్నాయి, దానిమీద నాతో ఎవరూ వాదించొద్దు.

ఒక్కటే చెబుతాను. మొలతాడు బిగుసుకుంటే పొడుగుది కట్టి మురిసిపోకండి. ముందు బిడ్డ ఎత్తుకు దారం తెంపి, సగానికి మడిచి, బొడ్డు మీదుగా తిప్పి చూడండి. కొసలు కలవకపోతే బిడ్డను తిట్టకండి, డాక్టరు దగ్గరికి నడవండి.