కోయని తోక

బీరయ్యకు గుర్రాలు తెలియవు. తెలిసింది గొర్రెలు. జగిత్యాల దగ్గర కురుమల ఇంట్లో పుట్టి, నడక రాగానే మంద వెనక నడిచిన మనిషి. ఎండాకాలం వస్తే గొంగడి భుజాన వేసుకుని తండ్రితో గోదావరి ఒడ్డు పట్టుకుని నెలల తరబడి తిరిగేవాడు. తర్వాత బీళ్లకు కంచెలు పడ్డాయి. ఒక వానాకాలం రోగమొచ్చి సగం మంద పోయింది, మిగిలిన సగం అమ్ముడుపోయింది. బీరయ్య ఒమన్ వచ్చి ఘాలాలో ఇటుకలు మోశాడు. జంతువుల పని తెలిసినవాడు కావాలని ఇబ్రా ఊరి నుంచి ఒక అర్బాబ్, అంటే యజమాని, కబురు పెడితే చెయ్యెత్తాడు. ఏ జంతువులని అడగలేదు. అడిగితే ఎవడు పంపుతాడు!

గుర్రాల షెడ్డులో అతనికి పని నేర్పింది తులెగెన్. కజకిస్తాన్ దేశస్థుడు, అరవై దాటినవాడు. ఇంటి దగ్గర మనవలు తనను ‘అతా’ అంటారని మొదటి రోజే చెప్పుకున్నాడు. బీరయ్య చెవికి అది తాత అన్నట్టే వినపడింది. ఇంకేం, ఆ రోజు నుంచి తాతే.

అరకొర హిందీలోనే ఇద్దరికీ ముచ్చట్లు కుదిరాయి. తులెగెన్ వాళ్లవీ ఒకప్పుడు తిరిగే బతుకులే. వేసవికి కొండ మీది గడ్డి, చలికి లోయ. తొక్కి దళసరి చేసిన ఉన్నితో గుండ్రటి ఇల్లు, విప్పి ఒంటెల మీద వేసుకుంటే ప్రయాణమే. బీరయ్య గొంగడిని చూసి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన పీల్చాడు ముసలాయన. తన తాత పిల్లవాడిగా ఉన్నప్పుడు సర్కారు మందలన్నీ లాక్కుని ఒకచోట కూర్చోమందట. మంద లేనివాళ్లు ఏం తింటారు? ఆకలికి దారుల వెంట రాలిపోయారు. ఐదుగురు అన్నదమ్ముల్లో మిగిలింది ఆ తాత ఒక్కడే. అతని మనవడు ఈ వయసులో పరాయి దేశంలో ఎవరి గుర్రాలకో స్నానం చేయిస్తున్నాడు.

వాళ్లలో ఒక ఆచారం ఉందట. మనిషి పోతే అతను ఎక్కిన గుర్రం తోక వెంట్రుకలు, జూలు కోసేస్తారు. ఏడాదిపాటు దాన్ని ఎవరూ ఎక్కరు. ఆ మొండి తోక కనపడితే చాలు, ఎవరింట్లోనో మనిషి పోయాడని అందరికీ తెలుస్తుంది.

“నాకు గుర్రం లేదు, బీరా,” అన్నాడు ఓ పొద్దున, రీమ్ అనే తెల్ల ఆడగుర్రాన్ని దువ్వుతూ. “ఇది నా చేతుల్లో పుట్టింది. నేను పోతే దీని తోక కోస్తావా?”

“నీకేమైతది తాత, గట్టిగున్నవ్. సరే, కోస్త,” అన్నాడు బీరయ్య. ఎంత తేలిగ్గా ఇచ్చేశాడో మాట!

ఈద్ పది రోజులుందనగా గడ్డిమోపు ఎత్తుతూ తులెగెన్ కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. సాయంత్రానికల్లా ఇబ్రాలోనే మట్టి చేశారు. అర్బాబ్ అన్నీ పద్ధతిగానే చేయించాడు, కాదనలేం. మర్నాడు షెడ్డులో పని మామూలుగా మొదలైంది.

అసలు చిక్కు బీరయ్యది. ఊళ్లో భార్య లస్మవ్వకు గర్భసంచి ఆపరేషన్ చేయాలి. మొగుడు పక్కన ఉంటేనే చేయించుకుంటానని మొండికేసింది. అతను నాలుగేళ్లుగా ఇంటి మొహం చూడని మనిషి. ఈద్ గుర్రాల ఊరేగింపు అయిపోగానే సెలవు ఇస్తానని అర్బాబ్ మాటిచ్చాడు. ఆ ఊరేగింపులో వెండి సొమ్ములు పెట్టుకుని ముందు నడవాల్సింది రీమ్. దాని తోక కోస్తే సెలవు సంగతి దేవుడెరుగు, కేసు పెట్టి కూర్చోబెడతారు. పాస్‌పోర్టు కూడా అర్బాబ్ దగ్గరే ఉంది.

అయినా ఆ మర్నాటి పొద్దున బీరయ్య ఊరి నుంచి తెచ్చుకున్న ఉన్ని కత్తెర పట్టుకుని రీమ్ వెనక నిలబడ్డాడు. తోకను చేతిలోకి తీసుకున్నాడు. కోయకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఈ ఎడారిలో అడిగేవాడే లేడు. ఆ మాటకే అతనికి ఏడుపొచ్చింది. లస్మవ్వను తలచుకుని కత్తెర మేకుకు తగిలించేశాడు.

ఈద్ నాడు రీమ్‌ను కడిగి, నూనె రాసి, వెంట్రుక వెంట్రుకా విడదీసి దువ్వాడు. జనం చప్పట్లు కొట్టారు. అర్బాబ్ భుజం తట్టి అరబ్బీలో ఏదో అన్నాడు. అది విప్పి చెప్పినవాడు డ్రైవర్ ఇస్రార్.

“తోక ఎవరు దువ్వారని అందరూ అడిగారట. ముసలాయన పోయాడు, రీమ్ సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే. కొత్త మనిషి వచ్చేదాకా ఛుట్టీ లేదంటున్నాడు.”

ఆ కొత్త మనిషి ఎప్పుడొస్తాడో ఇస్రార్‌కూ తెలియదు.

బీరయ్య ఫోన్ చేసి, అన్నను తోడు తీసుకుని ఆస్పత్రికి పొమ్మని లస్మవ్వను బతిమాలాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. “నువ్వొచ్చినంకనే,” అని పెట్టేసింది.

అతను నేరుగా షెడ్డుకు వెళ్లి మేకు మీది కత్తెర తీశాడు. రీమ్ తోకతో ఈగలు తోలుకుంటోంది. మొదలంటా కోసి పారేయాలనిపించింది. కత్తెర నోరు తెరిచి తోకకు ఆనించాడు కూడా. ఇప్పుడు కోస్తే అది తాత కోసం ఏడ్చినట్టు కాదు, అర్బాబ్ మీద కసి తీర్చుకున్నట్టు. తాత కోసం కోయాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది, ఆ రోజు తను కోయలేదు.

బీరయ్య కత్తెర కింద పెట్టాడు. ఊరేగింపు దుమ్ము తోకలో ఇంకా అలాగే ఉంది. దువ్వెన తీసుకున్నాడు.