గుట్ట కౌజు పలికిన పొద్దు

మొన్న మా దొడ్డిగోడ కట్టే కూలీలు వానకు నానిన చెదపుట్టను పలుగుతో పొడిస్తే, ఆ పుల్లటి మట్టి వాసనకు నేను లేచి ఇంట్లోకి వచ్చేశాను. తొలకరి వాసన అందరికీ హాయి. నాకు కాదు. గురజాల అవతల నాపరాళ్ళ గుట్ట కింద, ఎనభైల్లో, నా చిన్నతనమంతా చెదలు ఏరడంలోనే పోయింది.

మా నాయన కౌజుపిట్టలు పట్టేవాడు. పెంచిన మగపిట్టను పంజరంలో పెట్టి, జొన్నచేల గట్టున దించి, చుట్టూ ఉచ్చులు పన్నితే అది గొంతెత్తి అరిచేది; దానిమీదికి కొట్లాటకొచ్చిన బయటి పిట్టలు కాళ్ళు ఇరికించుకునేవి. రెండుపూటలా చెదలు మేపకపోతే దానికి గొంతు లేవదు. అందుకని నాకు బడి లేదు. ఎండలో పుట్టలు తవ్వుతుంటే పక్కింటి పిన్ని నవ్వేది: "ఏమే, నిన్ను కౌజుకే ఇచ్చి చేశారా ఏంది?"

ఒక ఎండాకాలం నాయన ఉచ్చులో పొరపాటున గుట్ట కౌజు పడింది. ఇదీ, నాయన పెంచే మామూలు కౌజూ దగ్గరి చుట్టాలే. మామూలుది బూడిదరంగు చారలది, కాలికి ముల్లుంటుంది, చేలల్లో, కంపల్లో ఎక్కడైనా బతుకుతుంది. ఇది నల్లటి ఒంటిమీద తెల్లచుక్కలది, ఇటుకరంగు మొహం, కాలికి ముల్లు లేదు, గడ్డి ఉన్న గుట్ట వదిలి రాదు. మామూలు కౌజు పిలిస్తే పలకదు. దీన్ని రప్పించాలంటే దీని గొంతే కావాలి.

"ఇది పలికిందంటే చానా గిరాకీ. రెండిటినీ అమ్మేసి నిన్ను బడికి పంపుతా," అన్నాడు నాయన.

లావు చెదలన్నీ దానికే పెట్టాను. అది పలకలేదు, పంజరానికి తల కొట్టుకుని నెత్తిన ఈకలు ఊడగొట్టుకుంది. తొలకరి పడ్డ మర్నాడు పొద్దున్నే, అమ్మ సంకటి కెలుకుతుండగా, రాయిమీద రాయి గీసినట్టు గరగరమని అరిచింది. గుట్టమీంచి ఇంకో గొంతు జవాబిచ్చింది. నేను గంతేసి, బడికని లంగా ఉతకడానికి తీశాను.

నాయన నవ్వాడు. "పిచ్చిదానా, ఇప్పుడెవడన్నా అమ్ముకుంటాడా? గుట్టమీదియ్యన్నీ ఇదే దించుద్ది. పో, ఇంకో పుట్ట చూసుకో."

"పిల్లకి మాటిచ్చావుగా," అంది అమ్మ. ఆయన పంజరం మీద గుడ్డ కప్పి గుట్టకు పట్టుకుపోయాడు. నేను పలుగు తీసుకున్నాను.

పిల్లలు పుట్టాక గానీ నాకు అక్షరం రాలేదు. ఈమధ్య పిట్టల పుస్తకం కూడబలుక్కుని చదివితే, దేశం మొత్తంమీద రెండు కౌజులకీ పెద్ద ముప్పు లేదని, గుట్ట కౌజు మాత్రం తగ్గుతోందని రాసుంది. కావచ్చు. బూడిదరంగుది మా మిరపచేలల్లో ఇప్పటికీ అరుస్తుంది. గుట్టను సిమెంటుకని సగం తవ్వేశారు, మిగతా సగంలో గడ్డి లేదు. ఎన్ని తొలకర్లు చెవొగ్గినా ఆ గరగర వినపడలేదు.

"అదెట్టా అరిచేది అమ్మమ్మా?" అని మనవరాలు అడిగింది. నాకా గొంతు వచ్చు. నోరు తెరవబుద్ధి కాలేదు. ఆ పిలుపు నమ్మి దిగొచ్చిన పిట్ట ఒక్కటీ మళ్ళీ గుట్టకు పోలేదు.