శంకరవ్వ ఇచ్చిన ముద్ర

ఖానాపూర్ అంగడిలో గొడ్డలి కొనేవాళ్లు బేరానికి ముందు బొటనవేలితో దాని చెంప తడిమేవాళ్లు. నెలవంక, పక్కన రెండు చుక్కలు వేలికి తగిలితే అది కమ్మరి పర్శరాములుది. ఇక మారుమాట లేదు, ధర ఎక్కువైనా భుజాన వేసుకునేవాళ్లు. ఆ పర్శరాములు పెండ్లామే శంకరవ్వ. ఇరవై ఏళ్లు కొలిమి తిత్తి ఊది ఊది ఆమె కుడి భుజం ఎడమదానికంటే లావైంది. రవికె కుట్టేవాడు రెండు చేతులకూ వేరువేరు కొలతలు తీసేవాడు.

ఆమె తమ్ముడు హనుమంతు కూడా కమ్మరే. బావ గొడ్డలిని చూసి అచ్చం అలాంటిదే దించేవాడు. కానీ దాని మీద తన త్రిశూలం ముద్రే కొట్టేవాడు. సగం ధర, ఇనుమూ అంతంతే. చేనుగట్టు కంప కొట్టుకోవడానికి అది చాలదా అని జనం తెలిసే కొనేవాళ్లు. పర్శరాములుకు కోపమే లేదు.

"బామ్మర్దీ, గొడ్డలి నాదాన్లెక్కనే దింపినవ్. గా ముక్కు సుత జర నా లెక్క దింపుకోరాదు!" అని నవ్వేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు వానల్లేవు. అడవిలో కలప కొట్టే కూలీలు తప్ప గొడ్డళ్లు కొనేవాడే లేడు. వాళ్లకేమో నెలవంకే కావాలి. హనుమంతు భార్య బాలింత, ఇంట్లో జొన్నగట్క కాచుకోవడానికీ గతిలేదు.

"అక్కా, ఒక్క అంగడికి బావ ముద్ర ఉలి ఇయ్యవే."

"నీ ముద్ర నీకున్నది గద రా."

"దాన్ని చూసి ఎవడు జొన్నలు పోస్తుండే?"

శంకరవ్వ ఉలి తీసి ఇచ్చింది. వారానికి అది తిరిగొచ్చింది. కొలిమి మంటకు చూపు మసకబారిన పర్శరాములు గమనించనేలేదు.

నెల తిరగలేదు. అడవిలో ఒకడి గొడ్డలి, కర్ర దూర్చే కంటి దగ్గర అతుకు విడిపోయి, ఎగిరి పక్కవాడి కణతకు తగిలింది. ఆ పక్కవాడు బాలమల్లు. అక్కడికక్కడే పోయాడు. అతని భార్య యాదవ్వ ఆ ముక్కలు తెచ్చి కొలిమి ముందు పడేసింది.

"నీ ముద్ర ఉన్నదనే గద మామా, అందరు గా గొడ్డలి చుట్టు భయంలేకుంట నిలవడ్డరు!"

పర్శరాములు వేలితో తడిమాడు.

"ముద్ర నాదే. అతుకెట్ల తప్పింది నాకు?"

ఆ రోజు నుంచి సుత్తె ముట్టలేదు. "ఇనుముకు కాక తక్కువైందా?" అని గోడను అడిగేవాడు. సగం అన్నంలో లేచిపోయేవాడు. శంకరవ్వ నిజం చెబితే తమ్ముణ్ణి కులం వెలేస్తుంది. చెప్పకపోతే మొగుడు తనది కాని చావును మోసి మోసి చస్తాడు. పది రోజులు నలిగి, బాలమల్లు దినాల నాడు శంకరవ్వ అందరి ముందూ నోరు తెరిచింది.

"గా గొడ్డలి మా కొలిమిల పుట్టలే. నా తమ్ముడు చేసిండు. ముద్ర నేనే ఇచ్చిన."

"ఇచ్చిననాడు ఏడవోయిందే నీ నీతి?" అని హనుమంతు అరిచాడు.

పర్శరాములు తేలికపడతాడని శంకరవ్వ అనుకుంది. ఆయన ఆమె వైపు తిరిగి అన్నాడు.

"వాని ముద్రనే ఉంటే జర ఎడంగ నిలవడుతుండె. నన్ను నమ్మిండు గదనే బాలమల్లు."

హనుమంతును వెలేశారు. ఏ నెలవంక నిజమైందో ఎవరికీ తెలియక, అంగడిలో పర్శరాములు గొడ్డళ్లనూ ఎవరూ ముట్టలేదు. కొలిమి చల్లారింది. శంకరవ్వ రోడ్డు పనికి కంకర మోయబోయింది. తొమ్మిదేళ్లు ఆయన ఆమె పెట్టింది తిన్నాడు, ఇచ్చిన నీళ్లు తాగాడు. పోయేదాకా మునుపటిలా ఆమెను పేరు పెట్టి పిలవలేదు.